ఎండలో పనిచేసినా విటమిన్ డి లోటే.. బ్రెస్ట్ క్యాన్సర్ బిళ్ల మొదలుపెట్టే ముందు ఈ 3 టెస్టులు అడగండి!

ఎండలంటే ముందు గుర్తొచ్చేది గుంటూరు, పల్నాడు, ప్రకాశం జిల్లాలే. అలాంటి చోట పత్తి తీతలకు, మిరప కోతలకు వెళ్లే ఆడవాళ్లకు 'ఎండ విటమిన్' తక్కువగా ఉందంటే ఎవరైనా నవ్వేస్తారు. కానీ రక్త పరీక్షల లెక్క వేరేలా ఉంది. ఆ లోటు ఉన్న మహిళకే బ్రెస్ట్ క్యాన్సర్ వచ్చి, ఆపరేషన్, కీమో అయ్యాక హార్మోన్ బిళ్ల మొదలైతే ఎముకల మీద డబుల్ దెబ్బ పడుతుంది. నొప్పులు తట్టుకోలేక కొందరు ఆ బిళ్లే మానేస్తారు. అసలు ప్రమాదం అక్కడే ఉంది. ఎందుకంటే ఆ బిళ్ల క్యాన్సర్ తిరిగి రాకుండా కాపలా కాసే మందు.

మరి బిళ్ల మానకుండా ఎముకలు కాపాడుకోవడం ఎలా? ఏ టెస్టులు చేయించుకోవాలి? రిపోర్టులో ఏ నంబర్ చూడాలి? సింపుల్‌గా తెలుసుకుందాం.

ముందు ఒక లెక్క

మన దేశంలో ఆడవాళ్లకు ఎక్కువగా వస్తున్న క్యాన్సర్ బ్రెస్ట్ క్యాన్సరే. 2022 అంచనాల ప్రకారం ఆ ఒక్క ఏడాదిలోనే దేశవ్యాప్తంగా సుమారు 1.92 లక్షల కొత్త కేసులు నమోదయ్యాయి. 98 వేల మందికి పైగా చనిపోయారు. ఇంకో విషయం. పాశ్చాత్య దేశాలతో పోలిస్తే మన దగ్గర దాదాపు పదేళ్లు ముందుగానే ఈ జబ్బు కనిపిస్తోంది. అంటే 40ల్లో, ఇంకా నెలసరి వస్తున్న వయసులోనే చాలామంది దీని బారిన పడుతున్నారు.

మంచి వార్త ఏంటంటే, తొందరగా గుర్తిస్తే చాలామంది కోలుకుంటున్నారు. ఒకప్పుడు గుంటూరు వైపు వాళ్లు క్యాన్సర్ అనగానే హైదరాబాద్ బస్సో, చెన్నై రైలో ఎక్కేవాళ్లు. ఇప్పుడు గుంటూరు జీజీహెచ్‌లోనే నాట్కో క్యాన్సర్ సెంటర్ ఉంది. పక్కనే మంగళగిరిలో ఎయిమ్స్ ఉంది. ట్రీట్‌మెంట్ దగ్గరికొచ్చింది, బతికే ఏళ్లు పెరిగాయి. అందుకే ఇప్పుడు ఎముకల సంగతి కూడా మాట్లాడుకోవాలి. క్యాన్సర్‌ని గెలిచిన మనిషి తుంటి విరిగి మంచం పడితే ఆ గెలుపు సగమే కదా!

క్యాన్సర్ మందుకీ, ఎముకకీ లింకేంటి?

ఎముక అంటే రాయిలా ఒకేలా ఉండిపోయేది కాదు. అందులో రోజూ రిపేరు పని జరుగుతూనే ఉంటుంది. పాత ఎముకను కొన్ని కణాలు తవ్వేస్తాయి, ఆ గుంటలో ఇంకొన్ని కణాలు కొత్త ఎముకను నింపుతాయి. తవ్వే పని మరీ ఎక్కువ కాకుండా బ్రేక్ వేసేది ఈస్ట్రోజన్ హార్మోన్. నెలసరి ఆగిపోయాక ఆ బ్రేక్ లూజ్ అవుతుంది. అందుకే 50 దాటిన ఆడవాళ్లలో ఎముకలు గుల్లబారడం ఎక్కువ.

ఇక బ్రెస్ట్ క్యాన్సర్ విషయానికొస్తే, సగానికి పైగా కేసుల్లో క్యాన్సర్ కణాలు ఈ ఈస్ట్రోజన్‌నే మేతగా వాడుకుని పెరుగుతాయి. బయాప్సీ రిపోర్టులో 'ఈఆర్ పాజిటివ్' అని ఉంటే అర్థం అదే. కాబట్టి డాక్టర్లు ఆ మేతను ఆపేస్తారు. నెలసరి ఆగిన వాళ్లకు లెట్రోజోల్, అనాస్ట్రోజోల్, ఎగ్జిమెస్టేన్ లాంటి బిళ్లలు ఇస్తారు. అండాశయాలు పనిచేయడం మానేశాక కూడా ఒంట్లోని కొవ్వు, కండ కొద్దికొద్దిగా ఈస్ట్రోజన్ తయారుచేస్తాయి. ఈ బిళ్లలు ఆ కొంచెం కూడా లేకుండా చేస్తాయి. రోజుకు ఒకటి చొప్పున ఐదేళ్లు, కొందరికి అంతకంటే ఎక్కువ కాలం వాడాలి.

క్యాన్సర్‌కి మేత ఆగింది, బాగానే ఉంది. కానీ ఎముకకు ఉన్న ఆ కాస్త బ్రేక్ కూడా పోయింది. నెలసరి ఆగాక మామూలుగా ఎముక సాంద్రత ఏడాదికి 1 నుంచి 2 శాతం తగ్గితే, ఈ బిళ్లలు వాడేవారిలో అది రెండున్నర శాతం దాకా ఉంటుంది. చిన్న వయసులోనే అండాశయాలను ఇంజెక్షన్‌తో ఆపేసి, పైగా ఈ బిళ్ల కూడా ఇస్తే మొదటి ఏడాదిలోనే 7 శాతం దాకా పోవచ్చు. కీమో వల్ల చిన్న వయసులోనే నెలసరి ఆగిపోయిన వాళ్లదీ దాదాపు ఇదే పరిస్థితి.

అటాక్ అనే పెద్ద అంతర్జాతీయ ట్రయల్‌లో ఈ తేడా స్పష్టంగా తేలింది. దాని ఫలితాలు 2005లో వచ్చాయి. ఐదేళ్లకు పైగా చూస్తే అనాస్ట్రోజోల్ వాడిన వాళ్లలో 11 శాతం మందికి ఎముకలు విరిగాయి. టామాక్సిఫెన్ వాడిన వాళ్లలో అది 7.7 శాతం. అలాగని అనాస్ట్రోజోల్ చెడ్డ మందు అనుకోవద్దు. అదే ట్రయల్‌లో క్యాన్సర్ తిరిగి రాకుండా ఆపడంలో అదే ముందుంది. మందు కావాలి, ఎముకా కావాలి. రెండూ కుదిరే దారులున్నాయి.

మరి టామాక్సిఫెన్ సంగతి? నెలసరి ఆగిన వాళ్లలో అది ఎముకకు కొంత మేలే చేస్తుంది. నెలసరి వస్తున్న వాళ్లలో మాత్రం కొద్దిగా తగ్గించవచ్చు. అందుకే "మా పిన్ని కూడా బిళ్లే వాడింది, ఆమెకేం కాలేదు" అని పోల్చుకోకండి. ముందు మీ బిళ్ల పేరేంటో చూసుకోండి.

ఎండలో పని.. అయినా డి విటమిన్ లేదు! ఎలా?

తిన్న కాల్షియం పేగుల్లోంచి రక్తంలోకి వెళ్లాలంటే విటమిన్ డి కావాలి. అది చాలినంత ఉంటే కాల్షియంలో 30 నుంచి 40 శాతం ఒంటికి పడుతుంది. లేకపోతే 10 నుంచి 15 శాతమే. రక్తంలో కాల్షియం తగ్గితే శరీరం ఊరుకోదు. గొంతు దగ్గరుండే పారాథైరాయిడ్ గ్రంథులు రంగంలోకి దిగి, ఎముకల్లోంచి కాల్షియం లాగి రక్తంలో పోస్తాయి. బ్యాంకులో జమ చేయకుండా డ్రా చేస్తూ పోతే ఏమవుతుందో ఎముకకూ అదే అవుతుంది.

మన రాష్ట్రంలోనే దీని మీద ఒక ముఖ్యమైన స్టడీ జరిగింది. తిరుపతి స్విమ్స్‌కు చెందిన డాక్టర్ సీవీ హరినారాయణ్ బృందం ఆ చుట్టుపక్కల పల్లెలు, పట్నంలోని వెయ్యి మందికి పైగా ఆరోగ్యవంతులను పరిశీలించింది. ఫలితాలు 2007లో వచ్చాయి. పల్లెటూరి ఆడవాళ్లలో 70 శాతం మందికి విటమిన్ డి లోపం ఉంది. ఇంకో 29 శాతం మందికి చాలీచాలకుండా ఉంది. సరిపడా ఉన్నది నూటికి ఒక్కరికి! పల్లెటూరి మగవాళ్లలో లోపం 44 శాతం. పట్నం ఆడవాళ్లలో 75 శాతం.

గమనించారా? ఒకే ఊరు, ఒకే ఎండ. మగవాళ్లకీ ఆడవాళ్లకీ మాత్రం ఇంత తేడా. మన మిరప చేలల్లోకి వెళ్లి చూస్తే ఒక కారణం కళ్లముందే కనబడుతుంది. కోతకు వెళ్లే ఆడవాళ్లు చీర మీద మగవాళ్ల ఫుల్ హ్యాండ్స్ చొక్కా వేసుకుంటారు. తలకు, మొహానికి తువ్వాలు చుడతారు. మిరప ఘాటుకు చేతులు మండకుండా గుడ్డలు కట్టుకుంటారు. ఎండదెబ్బ తగలకుండా అది తప్పనిసరి కూడా. కానీ విటమిన్ డి తయారుచేసే కిరణాలు నేరుగా చర్మం మీద పడాలి. దళసరి బట్టలోంచి అవి దూరవు. అందుకే పొద్దంతా ఎండలో ఉన్నా చర్మానికి అందేది తక్కువే.

"పొద్దున్నే లేత ఎండలో కూర్చుంటున్నాం కదా" అంటారా? ఆ టైమ్‌లో వెచ్చదనం ఉంటుంది కానీ, విటమిన్ డి చేసే కిరణాలు చాలా తక్కువ. సూర్యుడు నడినెత్తికి దగ్గరగా ఉన్నప్పుడే అవి బాగా అందుతాయి. మే నెలలో మన దగ్గర ఆ టైమ్‌లో బయట నిలబడటం ఎంత కష్టమో చెప్పక్కర్లేదు. పైగా రేడియేషన్ తీసుకున్న చోట చర్మాన్ని ఎండ తగలకుండా కాపాడుకోవాలి. కొన్ని కీమో మందులు వాడేటప్పుడు చర్మం తొందరగా కమిలిపోతుంది. కాబట్టి క్యాన్సర్ పేషెంట్లు 'ఎండలో నిలబడితే చాలు' అనే వాట్సాప్ సలహాను నమ్ముకోవడం కరెక్ట్ కాదు. టెస్ట్ చేయించుకుని, లోటు ఉంటే మందుతో భర్తీ చేయడమే సేఫ్.

అదే స్టడీలో తిండి లెక్క కూడా తీశారు. పట్నం వాళ్లకంటే పల్లె వాళ్లు తినే కాల్షియం ఇంకా తక్కువ. పైగా ధాన్యాల్లో ఉండే ఫైటేట్ అనే పదార్థం ఎక్కువగా తింటున్నారు. అది కాల్షియంను పట్టేసుకుని ఒంటికి అందనివ్వదు. ఎండలో పనిచేసే ఒళ్లు గట్టి ఒళ్లు అనుకుంటాం కానీ, లోపల ఎముకకు అందాల్సింది అందట్లేదన్నమాట.

మన దగ్గర ఇంకో రెండు చిక్కులు

మొదటిది గర్భసంచి ఆపరేషన్. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్న వాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతం ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. దేశంలోనే ఎక్కువ. గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే, ఎముకకు ఈస్ట్రోజన్ రక్షణ ఆరోజుతోనే పోతుంది. అండాశయాలు ఉంచినా కొందరిలో అవి ముందుగానే అలిసిపోతాయి. 32 ఏళ్లకు ఆ ఆపరేషన్ అయి, 45కి బ్రెస్ట్ క్యాన్సర్ వచ్చిందనుకోండి. హార్మోన్ బిళ్ల మొదలయ్యేనాటికే ఆమె ఎముకలు పదేళ్లకు పైగా అరిగి ఉండొచ్చు. అందుకే క్యాన్సర్ డాక్టర్‌కి ఈ పాత ఆపరేషన్ గురించి తప్పకుండా చెప్పాలి. అండాశయాలు తీశారో లేదో పాత డిశ్చార్జ్ కాగితంలో ఉంటుంది. అది వెతికి తీసుకెళ్లండి.

రెండోది ఫ్లోరైడ్. ఉమ్మడి ప్రకాశంలోని కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాల వాళ్లకు దీని గురించి కొత్తగా చెప్పాల్సిన పనిలేదు. 1937లో అప్పటి మద్రాస్ ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో ఫ్లోరైడ్ నీళ్ల వల్ల ఎముకలు బిగుసుకుపోయే జబ్బును డాక్టర్లు రికార్డు చేశారు. దేశంలో దీని గురించి వచ్చిన తొలి వైద్య నివేదిక అదే. అప్పట్లో కనిగిరి, పొదిలి, దర్శి నెల్లూరు జిల్లాలోనే ఉండేవి. 1970లో కొత్త జిల్లా ఏర్పడినప్పుడు ఇటు కలిశాయి. పల్నాడు పల్లెల్లోనూ ఫ్లోరైడ్ బోర్లు ఉన్నాయి. లీటరు నీళ్లలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి. వేరే దారి లేనప్పుడు కూడా 1.5 దాటకూడదు.

దీనికీ మన టాపిక్‌కీ సంబంధం ఏంటంటారా? ఫ్లోరైడ్ చేరిన ఎముక స్కాన్‌లో దట్టంగా, గట్టిగా కనబడుతుంది. కానీ నిజానికి పెళుసుగా ఉంటుంది. సుద్దముక్కలా చూడ్డానికి గట్టిగానే ఉన్నా పటుక్కున విరుగుతుంది. అంటే రిపోర్టు 'నార్మల్' అని వచ్చినంత మాత్రాన ఫ్లోరైడ్ ఊళ్ల వాళ్లు నిశ్చింతగా ఉండలేరు. "మాది ఫలానా ఊరు, చిన్నప్పటి నుంచి బోరు నీళ్లే తాగాం" అని డాక్టర్‌కి చెబితే రిపోర్టును ఆయన వేరే కోణంలో చూస్తారు. అవసరమైతే ఎక్స్‌రే కూడా తీయిస్తారు. కాల్షియం, విటమిన్ డి తక్కువ ఉన్నవాళ్లలో ఫ్లోరైడ్ చేసే చెడు ఇంకా ఎక్కువ.

అడగాల్సిన 3 టెస్టులు ఇవే

హార్మోన్ బిళ్ల రాసిన రోజే, "ఎముకల టెస్టులు కూడా చేయించమంటారా డాక్టర్ గారూ?" అని ఒక్క మాట అడగండి. ఓపీలో రష్ ఎక్కువ ఉంటుంది. మీరు అడిగితేనే గుర్తుండే విషయాలు కొన్ని ఉంటాయి.

1. విటమిన్ డి రక్త పరీక్ష: రిపోర్టులో '25 హైడ్రాక్సీ విటమిన్ డి' అని ఉంటుంది. 20 నానోగ్రాముల కంటే తక్కువైతే లోపం. 20 నుంచి 30 మధ్య ఉంటే చాలీచాలకుండా ఉన్నట్టు. 30 దాటితే ఎముకల కోణంలో సరిపడా ఉన్నట్టే లెక్క.

2. కాల్షియం, కిడ్నీ పరీక్షలు: రక్తంలో కాల్షియంతో పాటు క్రియాటినిన్ కూడా చూస్తారు. ఎముకలకు ఇంజెక్షన్ ఇవ్వాల్సి వస్తే కిడ్నీలు ఎలా ఉన్నాయో ముందే తెలియాలి. ఇంకో కారణం కూడా ఉంది. క్యాన్సర్ ఎముకలకు పాకిన కొందరిలో రక్తంలో కాల్షియం పెరిగిపోతుంది. వాళ్లు టెస్ట్ లేకుండా కాల్షియం బిళ్లలు మింగితే ప్రాణం మీదికొస్తుంది.

3. డెక్సా స్కాన్: ఎముక సాంద్రత కొలిచే ఎక్స్‌రే లాంటి పరీక్ష. నడుము, తుంటి దగ్గర కొలుస్తారు. సూది ఉండదు, నొప్పి ఉండదు, కాసేపట్లో అయిపోతుంది. ఇందులో 'టీ స్కోర్' అనే నంబర్ చూడాలి. మైనస్ 1 కంటే పైన ఉంటే నార్మల్. మైనస్ 1 నుంచి మైనస్ 2.5 మధ్య ఉంటే ఎముక పలచబడుతోందని అర్థం. మైనస్ 2.5 లేదా అంతకంటే కిందికి పోతే ఎముకలు గుల్లబారినట్టు. బిళ్ల వాడినంత కాలం ఏడాదికో, రెండేళ్లకో ఒకసారి మళ్లీ తీయించాలి.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఊళ్లలో ఫ్రీ క్యాంపులు పెట్టి, మడమ దగ్గర చిన్న మెషీన్ ఆనించి 'ఎముకల పరీక్ష' చేస్తుంటారు. అది డెక్సా కాదు. దాన్ని బట్టి క్యాన్సర్ పేషెంట్ మందులు డిసైడ్ చేయకూడదు. అలాగే డెక్సాలో క్యాన్సర్ పాకిందో లేదో తెలియదు. అది చూడటానికి బోన్ స్కాన్, పెట్ సీటీ లాంటి వేరే టెస్టులున్నాయి. రెండిటినీ కలిపేసి కంగారు పడకండి.

డెక్సా మెషీన్ ప్రతి ఆసుపత్రిలో ఉండదు. ఎక్కడ చేయించాలో చికిత్స తీసుకునే చోటే అడగండి. ఆరోగ్యశ్రీ, అంటే ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవ కింద చూపించుకునే వాళ్లు ఏ టెస్టులు ఉచితమో హెల్ప్‌డెస్క్‌లో ముందే కనుక్కుంటే జేబుకు చిల్లు పడదు.

లోటు ఉంటే ఏం చేస్తారు?

విటమిన్ డి బాగా తక్కువ ఉంటే డాక్టర్లు మామూలుగా 60 వేల యూనిట్ల గుళికో, పొడి ప్యాకెట్టో వారానికి ఒకటి చొప్పున కొన్ని వారాలు రాస్తారు. 'వారానికి' అన్నది ముఖ్యం. రోజుకొకటి మింగేస్తే ప్రమాదం. లెవెల్ పెరిగాక రోజూ వాడే చిన్న డోసుకో, నెలకో డోసుకో మారుస్తారు.

కాల్షియం విషయానికొస్తే, హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫార్సుల ప్రకారం పెద్దవాళ్లకు రోజుకు 1000 మిల్లీగ్రాములు, నెలసరి ఆగిన ఆడవాళ్లకు 1200 మిల్లీగ్రాములు కావాలి. ఇందులో వీలైనంత తిండి నుంచే రావాలి. మన వంటింట్లో ఉన్నవే చూద్దాం.

- పెద్ద గ్లాసు పాలు లేదా అంతే పెరుగు: 250 నుంచి 300 మిల్లీగ్రాములు
- 100 గ్రాముల రాగి పిండి: సుమారు 360. జావ, సంకటి, రొట్టె.. ఏదైనా సరే
- రెండు చెంచాల నువ్వులు: సుమారు 200. నువ్వుల పొడి అన్నంలో కలుపుకోవచ్చు, చిమ్మిలి చేసుకోవచ్చు
- 100 గ్రాముల మునగాకు లేదా తోటకూర: 300 పైనే
- ముళ్లతో సహా నమిలి తినే చిన్న చేపలు: బాపట్ల, చీరాల వైపు దొరికే నెత్తళ్ల లాంటివి

గోంగూర లేనిదే ముద్ద దిగదు అంటారా? తినండి. కాకపోతే గోంగూర, పాలకూరలో ఆక్సలేట్లు ఉంటాయి కాబట్టి వాటిలోని కాల్షియం ఒంటికి సరిగా పట్టదు. కాల్షియం కోసం వాటి మీదే ఆధారపడొద్దు, అంతే.

తిండితో చాలకపోతే బిళ్ల. ఒకేసారి 500 మిల్లీగ్రాముల కంటే ఎక్కువ వేసుకున్నా ఒంటికి పట్టదు. కాబట్టి పొద్దున ఒకటి, రాత్రి ఒకటిగా విడదీస్తారు. కాల్షియం కార్బొనేట్ అయితే భోజనంతో పాటు వేసుకోవాలి. థైరాయిడ్ బిళ్లకీ దీనికీ కనీసం నాలుగు గంటల గ్యాప్ ఉండాలి. ఐరన్ బిళ్లతో కలిపి వేయకూడదు. కిడ్నీలో రాళ్లు వచ్చిన వాళ్లు ఆ సంగతి డాక్టర్‌కి ముందే చెప్పాలి.

టీ స్కోర్ బాగా పడిపోతే లేదా రిస్క్ ఎక్కువ ఉంటే ఎముకలకు ప్రత్యేకంగా మందు ఇస్తారు. జోలెడ్రోనిక్ యాసిడ్ అనే ఇంజెక్షన్‌ను సెలైన్‌లో కలిపి సాధారణంగా 6 నెలలకోసారి ఎక్కిస్తారు. దీనికి ఇంకో లాభం కూడా ఉంది. ఆక్స్‌ఫర్డ్ కేంద్రంగా పనిచేసే పరిశోధకుల బృందం 26 ట్రయల్స్‌లోని 18,766 మంది మహిళల వివరాలు కలిపి 2015లో విశ్లేషించింది. నెలసరి ఆగిన వాళ్లలో ఈ రకం మందులు వాడితే పదేళ్లలో క్యాన్సర్ ఎముకకు పాకడం 8.8 శాతం నుంచి 6.6 శాతానికి తగ్గింది. బ్రెస్ట్ క్యాన్సర్ మరణాలు 18 శాతం నుంచి 14.7 శాతానికి తగ్గాయి. డెనోసుమాబ్ అనే ఇంకో ఇంజెక్షన్ 6 నెలలకోసారి చర్మం కింద ఇస్తారు. ఆస్ట్రియా, స్వీడన్‌లలో జరిగిన ట్రయల్‌లో అది ఎముకలు విరగడాన్ని సగానికి తగ్గించింది. కానీ దాన్ని మధ్యలో సొంతంగా ఆపేస్తే వెన్నుపూసలు వరసగా విరిగే ప్రమాదం ఉంది.

ఈ రెండు ఇంజెక్షన్లకు ముందు విటమిన్ డి, కాల్షియం సరిచేయడం తప్పనిసరి. లేకపోతే రక్తంలో కాల్షియం ఒక్కసారిగా పడిపోయి మూతి చుట్టూ తిమ్మిర్లు, చేతులు కొంకర్లు పోవడం లాంటివి వస్తాయి. పన్ను పీకించాల్సి ఉంటే ఇంజెక్షన్‌కి ముందే పీకించుకోవాలి. తర్వాతైతే అరుదుగా దవడ ఎముక మానకుండా పోతుంది. మొదటి డోసు తర్వాత రెండు మూడు రోజులు జ్వరం, ఒళ్లునొప్పులు రావడం మామూలే. భయపడక్కర్లేదు.

విటమిన్ డి వేసుకుంటే క్యాన్సరే తగ్గిపోతుందా?

ఇది సోషల్ మీడియాలో బాగా తిరిగే మాట. అమెరికాలో 25,871 మందిపై జరిగిన వైటల్ ట్రయల్ ఫలితాలు ఆ మధ్య వచ్చాయి. రోజూ 2000 యూనిట్ల విటమిన్ డి ఇచ్చి ఐదేళ్లకు పైగా చూస్తే, క్యాన్సర్ కొత్తగా రావడం తగ్గలేదు. బ్రెస్ట్ క్యాన్సర్ కూడా తగ్గలేదు. కాబట్టి విటమిన్ డి ఎముకకు అండ. అంతేగానీ క్యాన్సర్ మందుకు బదులు కాదు. దాన్ని నమ్ముకుని కీమోనో, బిళ్లనో మానేయడం అంటే తెలిసి తెలిసి గోతిలో దూకడమే.

ఇంకో అలవాటు మన ఊళ్లలో ఉంది. నడుము నొప్పి అనగానే 'బలానికి సూది' వేయించుకోవడం. అందులో 6 లక్షల యూనిట్ల విటమిన్ డి సూదులు కూడా ఉంటాయి. టెస్ట్ లేకుండా ఒకచోట ఒకటి, ఇంకోచోట ఇంకొకటి వేయించుకుంటే డోసు హద్దు దాటిపోతుంది. వాంతులు, విపరీతమైన దాహం, మలబద్ధకం, మతిమరుపు, చివరికి కిడ్నీల దాకా వెళ్తుంది. పైగా పెద్ద డోసు ఎముకకు మేలు చేస్తుందన్న గ్యారంటీ కూడా లేదు. ఆస్ట్రేలియాలో 70 ఏళ్లు దాటిన మహిళలకు ఏడాదికోసారి 5 లక్షల యూనిట్లు ఇచ్చి చూశారు. 2010లో వచ్చిన ఆ ఫలితాల్లో వాళ్లు పడిపోవడం, ఎముకలు విరగడం తగ్గకపోగా పెరిగాయి!

ఏ నొప్పికి ఆగొచ్చు, ఏ నొప్పికి పరిగెత్తాలి?

లెట్రోజోల్ లాంటి బిళ్లలు వాడేవారిలో కీళ్ల నొప్పులు చాలా కామన్. పొద్దున లేవగానే వేళ్లు ముడుచుకోవు, మోకాళ్లు పట్టేస్తాయి, కాసేపు తిరిగితే సర్దుకుంటాయి. విటమిన్ డి లోటు ఉంటే దానికి ఒళ్లునొప్పులు తోడవుతాయి. వీటికి దారులున్నాయి. నడక, వ్యాయామం, నొప్పి మందు. అప్పటికీ తగ్గకపోతే బిళ్ల బ్రాండో, రకమో మార్చడం. కొందరిని టామాక్సిఫెన్‌కి మారుస్తారు. ఆ మార్పు డాక్టర్ చేయాలి. "ఈ బిళ్ల వేసుకుంటుంటే చేతులు పనికి రావట్లేదండీ" అని నోరు తెరిచి చెప్పండి. చెప్పకుండా డబ్బాలో దాచేస్తే, క్యాన్సర్ తిరిగొచ్చేదాకా ఎవరికీ తెలియదు.

కానీ ఈ కింది లక్షణాలుంటే ఆగకూడదు.

- రాత్రిళ్లు పడుకున్నా తగ్గని, రోజురోజుకీ పెరిగే వెన్ను లేదా తుంటి నొప్పి
- బరువు ఎత్తగానే, వంగగానే నడుములో కలుక్కుమని లేవలేకపోవడం
- కాళ్లు తిమ్మిరెక్కి బలం లేకపోవడం, నడక తడబడటం
- మూత్రం ఆగిపోవడం లేదా తెలియకుండా పోవడం
- విపరీతమైన దాహం, వాంతులు, మగతగా ఉండటం

కాళ్లలో బలం తగ్గినా, మూత్రం పట్టు తప్పినా వెన్నుపాము నొక్కుకుపోతోందేమో అని అనుమానించాలి. అది ఎమర్జెన్సీ. గంటలు కూడా విలువైనవే. 108కి ఫోన్ చేసి పెద్దాసుపత్రికి వెళ్లాలి. మసాజ్‌లు, పట్లు వేయించడం లాంటివి అస్సలు చేయించొద్దు.

పనికి వెళ్లే వాళ్లకు ఒక మాట

కూలి పనికి వెళ్లకపోతే ఇల్లు గడవదు, నిజమే. డాక్టర్ సరేనంటే పనిచేయడం ఎముకకు మంచిదే. నడక, నిలబడి చేసే పని ఎముకను బలపరుస్తాయి. వద్దన్నది ఒక్కటే.. నడుం వంచి బరువు ఎత్తడం. మిర్చి టిక్కీలు, పత్తి బోరాలు, నిండు బిందెలు ఎత్తే పని ఇంకొకరికి వదిలేయండి. గుల్లబారిన వెన్నుపూస కింద పడకపోయినా, వంగి బరువు లేపినప్పుడే నలిగిపోతుంది. ఇంట్లో బాత్రూమ్ దగ్గర నాచు లేకుండా చూసుకోవాలి, రాత్రి లైటు ఉండాలి. అరిగిన చెప్పులు మార్చాలి. తుంటి విరిగే కేసుల్లో ఎక్కువ శాతం ఇంట్లో జారిపడినవే.

ఇక ఇంట్లో మగవాళ్లకు, పిల్లలకు ఒక మాట. అమ్మ "ఏం లేదులే, వయసు నొప్పులే" అంటుంది. ఆ మాటతో ఊరుకోవద్దు. ఆసుపత్రికి వెళ్లేటప్పుడు ఈ నాలుగు ప్రశ్నలు ఫోన్‌లో రాసుకుని వెళ్లండి. అమ్మ విటమిన్ డి ఎంత? టీ స్కోర్ ఎంత? ఎముకలకు ఇంజెక్షన్ అవసరమా? మళ్లీ టెస్ట్ ఎప్పుడు? సమాధానాలు ఫైల్ మీదే రాయించుకోండి. వచ్చేసారి డాక్టర్ మారినా, ఆసుపత్రి మారినా ఆ నంబర్లు ఉపయోగపడతాయి.

ఈ కథనం అవగాహన కోసమే. డోసు ఎంత, మందు ఏది అన్నది మీ రిపోర్టులు చూసి మీ డాక్టరే చెప్పాలి. అప్పటిదాకా హార్మోన్ బిళ్ల మాత్రం ఒక్కరోజు కూడా మానొద్దు.